రస్కుల పెట్టెలో గుడ్డు

బేకరీ బాబాయి తన దుకాణం మూయగా ఆ వీధిలో చూసినవాళ్ళు లేరు. వానొచ్చినా, ఒళ్ళు వెచ్చబడినా, ఇంట్లో శుభకార్యమైనా సరే, పొయ్యి వెలగాల్సిందే, పిండి పొంగాల్సిందే. కొడుకు పెళ్ళి ఫొటోల్లో కూడా ఆయన మోచేతుల దాకా మైదా కనిపిస్తుంది. భార్య ఉన్నన్నాళ్ళూ "ఆ పొయ్యినే కట్టుకోకపోయారా" అని దెప్పుతూ ఉండేది. ఆవిడ పోయాక దెప్పేవాళ్ళు లేక ఈయన ఇంకాస్త ముదిరాడు.

ఇంతటి మనిషికి లోకంలో ఒకే ఒక్క అక్క. చిన్నప్పుడే తల్లి పోతే, తానింకా గౌన్లు తొడుక్కునే వయసులోనే ఆ అక్క తమ్ముడికి తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, బడి దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. పెద్దయ్యాక కోళ్ళ ఫారంలో, గుడ్లు పొదిగించే గదిలో పనిచేసింది. ఆ ఉద్యోగం అయిపోయాక ఊరి చివర చిన్న స్థలంలో పక్షుల దొడ్డి పెట్టుకుంది. బాతులు, సీమకోళ్ళు, రెండు ఈము పక్షులు. ఎగరలేని, మనిషంత పొడుగున్న, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు చుట్టూ చూసే ఆ ఈముల్లో మగదానికి అక్క 'దొర' అని పేరు పెట్టింది. దాని నడక అలాంటిది మరి. అక్క దొడ్డిలో ఎటు తిరిగితే దొర అటు తిరిగేవాడు.

"ఒకసారి వచ్చి చూసిపోరా" అని అక్క అంటే, "ఈ పెళ్ళిళ్ళ సీజను కానీ అక్కా, వచ్చేస్తా" అనేవాడు తమ్ముడు. పెళ్ళిళ్ళు ఎప్పుడూ ఎవరికో ఒకరికి అవుతూనే ఉంటాయి కదా. ఏళ్ళు గడిచాయి. అక్క కోపగించుకోనూ లేదు, మళ్ళీ అడగనూ లేదు.

అలాంటి అక్క ఒక ఉదయం బేకరీ వెనక గదిలోకి, చంకలో శాలువా మూటతో వచ్చి పిండి బల్ల పక్కన కూలబడింది.

"దొర పోయాడురా."

బాబాయి చేతిలో పిండి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఈముల్లో గుడ్లు పొదిగేది మగపక్షి. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. మగది మాత్రం తిండీ నీళ్ళూ మానేసి వాటి మీద కూర్చుంటుంది. వయసు మీద పడ్డ దొర ఈసారి కూడా అలాగే కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అక్క చూసేసరికి మిగతా గుడ్లు చల్లబడిపోయాయి. ఛాతీ కింద ఉన్న ఒక్కటి మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

శాలువా విప్పింది. ముదురు పచ్చ రంగు గుడ్డు, గరుకుగా, రెండు చేతులా పట్టుకుంటే గానీ ఆగనంత పెద్దది.

"నా దగ్గర కరెంటు ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. నీకు పొయ్యి ఉంది, పిండి పొంగేందుకు ఆ వెచ్చటి పెట్టె ఉంది. దీన్ని బతికించి పెట్టరా" అంది అక్క.

పుట్టి బుద్ధెరిగాక అక్క తనను ఏదైనా సాయం అడగడం బాబాయి వినడం అదే మొదలు. సరేనని తల ఊపాడు, చేతిలో పిండి ముద్దతో సహా.

అక్క పద్ధతంతా చెప్పింది. వేడి మనిషి ఒంటి వేడి కంటే ఒక పిసరు తక్కువ ఉండాలి, ఎక్కువైతే లోపల ఉడికిపోతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గుడ్డును పక్కకు దొర్లించాలి. రోజూ తూకం చూస్తూ ఉండాలి. అప్పుడప్పుడు పలకరిస్తూ ఉండాలి, తండ్రి ఉంటే గుర్రుగుర్రుమంటూ మాట్లాడేవాడు కనుక. తర్వాత తేమ సంగతి చెప్పబోయింది. "దొర అయితే తన ఈకలతోనే..." అని మొదలుపెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఫోన్ చేసి అడిగితే మళ్ళీ ఏడుస్తుందేమోనని తమ్ముడు అడగలేదు. జరిగిన తప్పంతా ఆ మొహమాటంలోనే ఉంది. ప్రేమ ఉన్నచోట మనిషి అడగాల్సింది అడగడు, అక్కర్లేనివన్నీ చేస్తాడు.

పాత పొంగుడు పెట్టె ఒకటి మూలన పడి ఉంటే దాన్ని తుడిచి, లోపల బల్బు బిగించి, చిన్న ఫ్యాను పెట్టించాడు. వేడి ఎక్కువైతే తనంతట తనే ఆరిపోయే మీట అమర్చాడు. గుడ్డుకు ఒక పక్క పెన్సిలుతో గుర్తు పెట్టాడు, ఎటు దొర్లించిందీ మర్చిపోకుండా.

కోడలు డ్యూటీ నుంచి వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సు, అదీ నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో.

"మామయ్యా, ఇది అచ్చం మా వార్డే!" అంది. మర్నాటికల్లా వేడి చూపే మీటరు, తేమ చూపే మీటరు రెండూ కొనుక్కొచ్చి పెట్టె లోపల తగిలించింది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఎవరూ గుడ్డు ముట్టుకోకూడదని శాసనం చేసింది. గోళ్ళలో మైదా ఉందని మామగారినే రెండుసార్లు వెనక్కి పంపింది. ఆయన కిమ్మనకుండా వెళ్ళి మళ్ళీ కడుక్కొచ్చాడు. కోడలంటే ఆయనకు భయం లేదు గానీ, ముద్దు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

గుడ్డు వెనక గదిలో అందరికీ నడుమన వెలసింది. బాబాయికి పిండి పిసికేటప్పుడు ఈల వేసే అలవాటు. ఇప్పుడు ఆ ఈల పెట్టె వైపు తిరిగి వేసేవాడు. "ఏం బాబూ, బాగున్నావా? ఇవాళ బన్నులు బాగా పొంగాయి" అని కబుర్లు చెప్పేవాడు. డెలివరీ బండి తోలే కొడుకు, "నాతో ఇన్ని మాటలు ఎప్పుడైనా మాట్లాడావా నాన్నా?" అని అడిగితే, "నువ్వు గుడ్డులో ఉన్నప్పుడు మాట్లాడాన్లే, పో" అన్నాడు.

పిండి తూచే కాటా మీద రోజూ గుడ్డు పెట్టి చూసేవాడు. ముల్లు ఎక్కడుందో అక్కడే ఉండేది. బాబాయి మురిసిపోయేవాడు. పరాయి పిల్లను ఇంట్లో పెట్టుకున్నప్పుడు, చిక్కిపోకుండా అప్పజెప్పడం కంటే గొప్ప ఏముంటుంది? తినే బిడ్డ ఒళ్ళు చూసుకున్నట్టు ఆ ముల్లు చూసుకుని మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు.

కొన్ని వారాలు పోయాక అక్కే ఫోన్ చేసింది. గొంతు కాస్త తేరుకుంది.

"ఎలా ఉందిరా?"

"రాణిలా ఉందక్కా! నువ్విచ్చినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ఒక్క గ్రాము కూడా తగ్గనిస్తే ఒట్టు!"

అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. అక్క సంతోషంతో ఏడుస్తోందనుకున్నాడు బాబాయి.

"తగ్గలేదా?" అంది అక్క.

"అసలు తగ్గలేదు."

"ఒరేయ్... తగ్గాలిరా!"

బాబాయి ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"గుడ్డు అన్నాక పెంకులోంచి కొద్దికొద్దిగా నీరు ఆవిరై పోవాలిరా. ఆ పోయిన నీటి చోటే లోపల గాలి గదవుతుంది. బయటికి వచ్చే ముందు పిల్ల మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోనే. ఆ చోటు లేకపోతే ఒళ్ళంతా నీరు పట్టి, పెంకు లోపలే మునిగిపోతుంది. అందుకేగా తూకం చూడమన్నాను! తేమ ఎంత పెట్టావు?"

బాబాయి మీటరు చూసి చెప్పాడు. ఫోన్లో అక్క "అయ్యో" అన్న మాట పక్క గదిలో ఉన్న కోడలికి కూడా వినబడింది.

ఇక విచారణ మొదలైంది. బాబాయి తలవంచుకుని ముందు తనే ఒప్పుకున్నాడు. పొయ్యిలో నీళ్ళ గిన్నె పెడితే రొట్టె పైపొర పగలదు కదా, అలాగే పెంకు పగలకుండా ఉంటుందని పొద్దున్నే పెట్టెలో పళ్ళెం నిండా నీళ్ళు పోస్తున్నాడు. కోడలు పెదవి కొరుక్కుంది. నెలలు నిండని పిల్లల చర్మం ఎండిపోకూడదని వాళ్ళ వార్డులో తేమ దండిగా పెడతారు. అంచేత డ్యూటీకి వెళ్ళేముందు ఆ పిల్లా ఒక గ్లాసు పోస్తోంది. "మీకు చెబితే నా తెలివితేటలు చూపిస్తున్నానని అనుకుంటారేమోనని చెప్పలేదు మామయ్యా" అంది. ఇద్దరూ కలిసి కొడుకు వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు?" అన్నాడు వాడు. మళ్ళీ తనే, "పళ్ళెం కాస్త తగ్గినట్టు కనిపిస్తే... నాన్న మర్చిపోయాడేమోనని..." అన్నాడు.

ముగ్గురూ ముగ్గురే. దానికి తోడు పక్కనే పొంగే పిండి ఆవిరి, కడిగి ఆరేసిన గుడ్డలు. ఆ గదిలో గోడకు కొట్టిన మేకు కూడా చెమట పట్టి ఉండేది. పిల్ల ఈతకొలనులో ఉన్నట్టే లెక్క.

బాబాయి నుదురు కొట్టుకున్నాడు. "రొట్టె కాలితే బరువు తగ్గుతుందని నాకు తెలీదా? తగ్గుతుందనే కదా పిండి ఎక్కువ తూస్తాను! బరువు తగ్గని రొట్టె లోపల ముద్దగా ఉందని అర్థం. ఇంత వయసొచ్చి ఆ మాత్రం తట్టలేదు నాకు!"

తిట్టుకోవడం తర్వాత చేసుకోవచ్చని కోడలు పెట్టెకు ఒక పక్క పట్టుకుంది, కొడుకు రెండో పక్క పట్టుకున్నాడు. వెనక గదిలోంచి తీసి మేడమీద బాబాయి పడక గదిలో పెట్టారు. ఎండ బాగా తగిలే గది అది. పళ్ళెం తీసేశారు, గాలి కన్నాలు పూర్తిగా తెరిచారు. అయినా మీటరు ముల్లు ససేమిరా దిగనంది. పెట్టె చెక్క ఇన్నాళ్ళూ తాగిన నీళ్ళన్నీ నెమ్మదిగా వదులుతోంది.

అప్పుడు బాబాయి కిందికి దిగి, రెండు డబ్బాల రస్కులు పట్టుకుని పైకి వచ్చాడు.

"ఇప్పుడు ఆకలేంటి మామయ్యా?" అంది కోడలు.

"నాకు కాదమ్మా. రస్కు డబ్బా మూత తెరిచి ఉంచితే ఏమవుతుంది?"

"మెత్తబడుతుంది."

"ఎందుకు మెత్తబడుతుంది? గాలిలో తడి అంతా తాగుతుంది. నలభై ఏళ్ళుగా దాంతో నాకు అదే పోరు. మొదటిసారి ఆ దరిద్రం ఒక మంచికి పనికొస్తుంది, కూర్చో."

రొట్టెపొడి గుడ్డు మీద పడకూడదని కోడలు పల్చటి గుడ్డసంచులు కుట్టింది. ఎర్రగా కాల్చిన రస్కులు వాటిలో నింపి పెట్టె నాలుగు మూలలా పెట్టారు. మెత్తబడగానే తీసి, కిందికి తీసుకెళ్ళి పొయ్యిలో మళ్ళీ కరకరలాడేలా కాల్చి, మళ్ళీ పైకి. మెట్లెక్కీ దిగీ బాబాయి మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి. మీటరు ఉన్నా ఆయనకు నమ్మకం మాత్రం తన పళ్ళ మీదే. సంచిలోంచి ఒక రస్కు తీసి కొరికి, చప్పుడు వింటూ, "ఇంకా తడి ఉంది" అనో, "ఇప్పుడు ఫరవాలేదు" అనో తీర్పు చెప్పేవాడు. కోడలు మీటరు చూసి, "అంతే ఉంది మామయ్యా" అని ఆశ్చర్యపోయేది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో టీలోకి మెత్తటి రస్కులే. కొడుకు మాత్రం నోరెత్తలేదు. నీళ్ళు పోసిన పాపం వాడికీ ఉంది.

ఈలోగా కోడలు గ్రాములు కూడా చూపే చిన్న కాటా తెచ్చింది. ఒక ఉదయం బాబాయి దాని మీద గుడ్డు పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, మెట్ల మీంచి దిగుతూనే ఫోన్లో అరిచాడు. "అక్కా, తగ్గింది! తగ్గిందే!" కొట్టు ముందు బన్నుల కోసం నిలబడ్డ టైలరమ్మ, "ఎవరికి తగ్గింది, జ్వరమా?" అని అడిగింది.

కానీ పోవాల్సిన నీరంతా పోవడానికి వ్యవధి చాలదని అక్క చెప్పింది. "ఎంత పోతే అంత. మిగతాది దాని ఓపిక" అంది. ఆ మాట అన్నప్పటి నుంచి బాబాయికి అన్నం సహించలేదు. అక్క జీవితంలో ఒకే ఒక్కసారి చెయ్యి చాచి అడిగింది, ఆ చేతిలో చచ్చిన పిల్లను పెట్టాల్సి వస్తుందా అని కుమిలిపోయాడు. గుడ్డు దగ్గర కూర్చుని ఈల వేస్తుంటే ఈల కూడా సరిగ్గా వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం అలాగే సగం సగం ఈల వేస్తుంటే గుడ్డు కదిలింది. ఆయన ఆపాడు. అదీ ఆగింది. మళ్ళీ వేశాడు. గుడ్డు ఇటూ అటూ ఊగింది.

"అమ్మాయ్!" అని బాబాయి వేసిన కేకకు కోడలు జడ వేసుకుంటున్నది వేసుకుంటున్నట్టే పరిగెత్తుకొచ్చింది.

అక్క ఫోన్లో తర్వాతి సంగతి చెప్పింది. ఇక దొర్లించొద్దు. రస్కులు తీసేయాలి, ఇప్పుడు పళ్ళెంలో నీళ్ళు పోయాలి, లేకపోతే పిల్ల బయటికి వచ్చేటప్పుడు లోపలి పొర ఎండి ఒంటికి అతుక్కుపోతుంది. బాబాయి గ్లాసు పట్టుకున్నాడు గానీ చెయ్యి వంగలేదు. కోడలు ఆ గ్లాసు నెమ్మదిగా అందుకుని, "ఇది తప్పు కాదు మామయ్యా, ఇప్పుడిది ఒప్పే" అంటూ పోసింది.

పెంకు మీద మొదటి బీట కనబడిన పొద్దుటికి అక్క వచ్చేసింది. నలుగురూ పెట్టె చుట్టూ చేరారు. లోపల్నుంచి సన్నటి ఈల వినబడింది. తర్వాత ఒక తన్ను, ఇంకో తన్ను. చిన్న పెంకు ముక్క ఊడింది. ఆ తర్వాత అన్నీ ఆగిపోయాయి.

టీలు చల్లారాయి. కింద కొట్టు ముందు ఎవరో బన్నులడిగి, కేకేసి, వెళ్ళిపోయారు. లోపల ఊపిరి ఆడుతున్నట్టు పొర మాత్రం కాస్త లేస్తూ పడుతూ ఉంది.

"పెద్దత్తయ్యా, చేత్తో పెంకు కొంచెం తీద్దామా?" అంది కోడలు. వార్డులో చూస్తూ ఊరుకోవడం అలవాటు లేని పిల్ల.

"వద్దమ్మా. రక్తనాళం తెగిందంటే పోతుంది. దానికి బలం చాలడం లేదు. నీరు పట్టి ఉంటుంది" అంది అక్క. ఆ మాట తమ్ముణ్ణి నొప్పించాలని అన్నది కాదు. అయినా బాబాయికి సూటిగా గుచ్చుకుంది. అక్క వైపు చూడలేకపోయాడు.

ఏం చేయాలో తోచక పెట్టె దగ్గరికి ముఖం పెట్టి ఈల వేశాడు. రోజూ పిండి పిసుకుతూ వేసే పాత ఈలే. కళ్ళ నీళ్ళు మూతి దాకా వచ్చి ఈల మధ్యలో తెగిపోయింది, తుడుచుకుని మళ్ళీ వేశాడు. లోపల్నుంచి సన్నగా జవాబొచ్చింది. "ఆపకురా" అంది అక్క. ఆయన ఆపలేదు. పెదాలు ఎండిపోతే కోడలు నీళ్ళు పట్టింది. ఆ ఈలకొక తన్ను, ఈలకొక తన్ను. ఎండ కిటికీ దాటి గోడ మీదికి వచ్చేసరికి పెంకు రెండుగా విడిపోయి, తడి తడి చారల పిల్ల ఒకటి పెట్టెలో బోర్లా పడింది.

పొట్ట ఉబ్బి ఉంది. కాళ్ళు రెండూ చెరో వైపు జారిపోతున్నాయి. అక్క దాన్ని పాత టవల్లో చుట్టి ఒళ్ళంతా రుద్దింది. కోడలు తన తల రిబ్బను కత్తిరించి రెండు కాళ్ళకూ మధ్య కాస్త ఎడం ఉంచి వదులుగా కట్టింది, జారిపోకుండా నిలబడేందుకు. మర్నాటికి పిల్ల నిలబడింది. రెండు రోజులకు పడుతూ లేస్తూ నడిచింది. పొట్ట వాపు తీసింది. బతికింది.

బతికి, ఏకంగా బాబాయి చెప్పుల దగ్గరికి నడిచింది.

ఆయన బల్ల దగ్గరికి వెళ్తే బల్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి వెళ్తే పొయ్యి దగ్గరికి. అక్క పిలిస్తే తల తిప్పి మర్యాదగా చూసి, మళ్ళీ ఆయన వెంటే పడేది. బాబాయి ప్రాణం ఉసూరుమంది. దొర కొంగు పట్టుకున్నట్టు అక్క వెంటే తిరిగేవాడు. దొర పిల్ల అక్క కోసం పుట్టింది. మధ్యలో తను దూరి ఆ పిల్లను కాజేసినట్టు అనిపించింది. అందుకని ఈల మానేశాడు. అక్క పిల్లను చేతుల్లోకి తీసుకోగానే మైదా బస్తాల వెనక దాక్కున్నాడు. పిల్ల గింజుకుని కిందికి దూకి, ఇల్లంతా వినబడేలా ఏడ్చి, వెతికి వెతికి బస్తాల వెనక ఆయన్ను పట్టుకుంది.

"బయటికి రా" అంది అక్క.

బాబాయి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "కావాలని చేయలేదక్కా. నీ పిల్లను నీకు కాకుండా చేశాను. నువ్వు నన్నడిగిన సాయమే ఒక్కటి."

అక్క ఆయన తల మీద మైదా దులిపింది. "నేనడిగింది బతికించమని. బతికించావు. ఇది తండ్రి ఎక్కడుంటే అక్కడుంటుంది, దీని జాతే అంత. ఇక్కడ పొయ్యి దగ్గర పెరిగే ప్రాణి కాదు ఇది, గడ్డి కావాలి, పరుగెత్తడానికి చోటు కావాలి. దాని తండ్రిని తీసుకుని నేను మా ఇంటికి పోతాను. ఏం, రావా?"

బాబాయి పొయ్యి వైపు చూశాడు. పెళ్ళిళ్ళ సీజను ఇంకా అవనే లేదు. ఆయన మైదా అంటిన ఏప్రాను విప్పి మేకుకు తగిలించి, వీధి వైపు వెళ్ళి, ఎన్నో ఏళ్ళుగా తుప్పు పట్టి ఉన్న దుకాణం షట్టరు కిందికి లాగాడు. అది సగంలో బిగుసుకుపోతే కొడుకు వచ్చి చెయ్యి వేశాడు. టైలరమ్మ మిషను ఆపి చూస్తూ ఉండిపోయింది.

కొడుకు బండిలో ఊరి చివర దాకా దింపాడు. అక్కడి నుంచి దొడ్డికి బండి పోదు, గడ్డిలోంచి కాలిబాట. అక్క ముందు నడిచింది, ఆమె వెనక తమ్ముడు, అతని మడమల దగ్గర చారల పిల్ల. అక్క నడక ఇప్పుడు నెమ్మదించింది, వెనక జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఇన్నేళ్ళలో ఎప్పుడు అలా తెల్లబడిందో ఆయన చూడనే లేదు. కాస్త దూరం పోయాక అక్క తల తిప్పకుండానే అడిగింది.

"ఇద్దరూ వస్తున్నారా?"

"వస్తున్నాం అక్కా" అన్నాడు బాబాయి, అడుగు కలుపుతూ.